విలాయతి వాడుకమాటలు – మన పల్లెమాటలు

ఒక భాషను పుస్తకమున చదివి నేర్చుట వేఱు. ఆ భాష మాటాడు జనుల నడుమ బ్రతుకుట వేఱు. మొదటిది గురువుతో ఆరంభమై పరీక్షతో ముగియును. రెండవది అంగడిలో, బస్సులో, వంటయింటిలో, వైద్యశాలలో ఆరంభమై ఎన్నటికిని ముగియదు. ఈ రెంటికి గల అంతరము నెఱుగక మన ప్రాంతపు యువకులు నేడు ఇంగ్లండునకు పయనమగుచున్నారు. తాము పదునైదేండ్లు చదివిన ఇంగ్లీషు అచట దిగిన మొదటి వారముననే పరాయిభాషగా తోచి దిగులుపడుచున్నారు. ఈ విషయము పైకి స్వల్పముగా కనిపించును. విచారించి చూచినచో దీని వేళ్లు మన పల్లెలలో, మన బడులలో నున్నట్లు తెలియగలదు.

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలు 2016, 2019 సంవత్సరములలో పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట అను పేళ్లు వేర్వేఱుగా వెలసినవి. జిల్లాలు విడిపోయినను బ్రతుకు తీరు విడిపోలేదు. వానను నమ్ముకొన్న పొలము, లోతునకు పోయిన బాయి, పని వెదకికొని పరదేశము పోవుట ఈ సీమలో తరతరాల కథ. దేశమున ఆనకట్ట కట్టిన చోటనెల్ల 'పాలమూరు లేబరు' అను మాట వినబడినది. ఆ కూలి తట్ట మోయుటకు పోయెను. నేటి భూవసతిగల గృహస్థు తన కుమారుని, కుమార్తెను చదువు పేర విమానమెక్కించుచున్నాడు. చదువు ముగించిన విదేశీ విద్యార్థులు రెండేండ్లు అచటనే పనిచేసికొనవచ్చునని బ్రిటిష్ ప్రభుత్వము 2021 జూలైలో మార్గము తెఱచిన పిమ్మట ఈ ప్రయాణములు హెచ్చినవి. తరువాత నిబంధనలు బిగిసినను ఆశ సడలలేదు. ఎకరమో రెండెకరములో అమ్మి, లేదా బ్యాంకులో తాకట్టు పెట్టి పంపిన బిడ్డ అచట నోరు మెదపలేక, చెవికి పడినది తెలియక ఒంటరియైనచో ఆ నష్టము ఆ యొక్క బిడ్డది మాత్రమే కాదు, ఇంటిల్లిపాదిది.

ఇంతకును అచట వినబడు మాటలెట్టివి? అంగడివాడు సరకు చేతికిచ్చి 'చీర్స్' అనును. మన పుస్తకములలో అది మద్యపాత్రలెత్తి పలుకు మాట. అచట అది కృతజ్ఞత తెలుపు మాట. 'టా' అన్నను అదియే. పౌనును 'క్విడ్' అందురు; ఐదు పౌనుల నోటు 'ఫైవర్', పది పౌనులది 'టెన్నర్', వేయి పౌనులు 'గ్రాండ్'. పని చేసి అలసినవాడు 'నాకర్డ్' అనును. చేత కాసు లేనివాడు 'స్కింట్' అనును. సంతోషించినవాడు 'చఫ్డ్', మనసు విరిగినవాడు 'గటెడ్'. గొడుగు 'బ్రాలీ', మరుగుదొడ్డి 'లూ', నమ్మరాని సరకు 'డాడ్జీ'. 'హాఫ్ సెవెన్‌కు రమ్ము' అనినచో ఏడున్నరకు రమ్మని భావము. మన తెలుగు ఏడున్నరకు ఇది సోదరి వంటిదే. అయినను 'హాఫ్ పాస్ట్ సెవెన్' అని బడిలో వల్లించినవాడు ఆరున్నరయో ఏడున్నరయో తెలియక తడబడును. ఉత్తర ఇంగ్లండులో 'టీ'కి పిలిచినచో అది తేనీటితో సరిపోదు. సాయంకాలపు భోజనమునకే ఆ పేరు. అది తెలియనివాడు కడుపునిండ తినిపోయి పిలిచిన ఇల్లాలిని చిన్నబుచ్చును.

ఇవి పదములు మాత్రమే. పట్టికలో వ్రాసికొని వారము దినములలో నేర్వవచ్చును. వీనికన్న కష్టమైనవి మఱి కొన్ని కలవు. వానిలో ప్రతి పదము మనకు తెలిసినదే. కలిపిన అర్థము మాత్రము తెలియదు. ఎదురుపడిన ఇంగ్లీషువాడు 'ఆల్ రైట్?' అనును. మనవాడు నిలిచి తన జ్వరము, తన అద్దె, తన ఇంటిబెంగ చెప్పనారంభించును. ఆతడు అప్పటికే నాలుగడుగులు ముందునకు పోయియుండును. అది ప్రశ్న కాదు, పలకరింపు. మన పల్లెలో ఉదయమున ఎదురైన పెద్దమనిషి 'బువ్వ తిన్నవా?' అనును. తినలేదన్నంత మాత్రమున ఆయన విస్తరి వేయడు. అట్లు వేయలేదని ఎవరును నొచ్చుకొనరు. ఇంటినుండి బయలుదేరువాడు 'పోయొస్త' అనును గాని 'పోత' అనడు. పరదేశి యెవడైన ఆ మాటను అక్షరాల నమ్మి వాకిట కూర్చుండి ఎదురుచూచినచో మనమేమందుము? ప్రతి జాతికి ఇట్టి మాటలు కలవు. వాని అర్థము పదములలో నుండదు. ఆ జాతి మర్యాదలో నుండును.

ఇంగ్లీషువాని మర్యాదలో తగ్గించి చెప్పుట యొక భాగము. పని చూచి యజమాని 'నాట్ బ్యాడ్' అనినచో అది మెచ్చుకోలే. 'విత్ రెస్పెక్ట్' అని మొదలుపెట్టినచో ఆతడు మన మాటను కాదనబోవుచున్నాడని గ్రహింపవలెను. 'ఒకనాడు మా ఇంటికి తప్పక రావలెను' అని తేదీ చెప్పక విడిచినచో అది సాగనంపు మర్యాదయే గాని ఆహ్వానము కాదు. ఇవి తెలియక మన బిడ్డలు మెప్పును నిందగాను, నిందను మెప్పుగాను తలచి నొచ్చుకొనుచున్నారు. 'ఆ దేశస్థులు హృదయము లేనివారు' అని ఇంటికి ఫోను చేసి చెప్పుచున్నారు. హృదయము లేకపోలేదు, దాని వాకిలి మనకు తెలియలేదు.

మన ఇంగ్లీషునకును అచట ఇట్టి గతియే పట్టును. 'నేను 2019లో పాస్డ్ అవుట్' అని మనవాడు తన పట్టమును గూర్చి చెప్పును. వినువానికి ఆ యేడు ఇతడు మూర్ఛపోయినట్లు వినబడును. పాఠము తెలియక 'నాకొక డౌట్ కలదు' అనినచో ఉపాధ్యాయునికి తన మాటనే శంకించుచున్నట్లు తోచును. 'ప్యాంట్స్' కొనవలెనని అంగడిలో అడిగినచో లోదుస్తులున్న వైపు చూపింతురు. ఈ వాడుకలు తప్పులని మేము చెప్పుట లేదు. అవి భారతదేశపు ఇంగ్లీషులో వేళ్లూనిన వాడుకలు. హైదరాబాదులో, బెంగుళూరులో చక్కగా చెల్లుచున్నవి. నాణెము మంచిదే, ఏ సంతలో చెల్లునో ఎఱిగి తీయవలెను.

ఈ అవసరమును గనిపెట్టి నగరములలో కొందఱు వర్తకులు 'విలాయతి వాడుకమాటలు ముప్పది దినములలో' అని పట్టికలమ్ముచున్నారు. పట్టిక వలన హాని లేదు. పట్టికను నమ్మి ఊరకుండుట వలన హాని కలదు. వాడుకమాట ఊరు మాఱిన మాఱును, ఏడు మాఱిన మాఱును. లండను తూర్పుభాగపు శ్రామికులు పందొమ్మిదవ శతాబ్దమున ప్రాసమాటల నొకదానిని కల్పించుకొనిరి. మెట్లను 'యాపిల్స్ అండ్ పేర్స్' అనిరి, తరువాతి కాలమున అసత్యమును 'పోర్క్ పై' అనిరి. నాటి మాటలలో చాలవఱకు నేడు వినబడవు. 'అబద్ధములాడకు' అనుటకు 'పోర్కీలు' అను తునక మాత్రము నిలిచినది. నాటింగ్‌హాము ప్రాంతమున బేరములాడు అవ్వ మన బిడ్డను 'డక్' అని, యార్క్‌షైరున 'లవ్' అని, న్యూకాసిలున 'పెట్' అని, గ్లాస్గోలో ఆడుబిడ్డలను 'హెన్' అని పిలుచును. అవి మన అవ్వలు 'బిడ్డా', 'కొడుకా' అని తెలియనివారిని సైతము పిలుచుట వంటివి. వేఱు భావమునకు తావు లేదు. మన పుస్తకములు నేర్పిన 'కుక్కలు పిల్లుల వాన' యను పలుకుబడియన్ననో, నేడు వానలో తడియుచున్న ఇంగ్లీషు యువకుని నోట అరుదుగా వినబడును.

కావున మేము చెప్పు క్రమమిది. మొదట వినవలెను, పిమ్మట తెలిసికొనవలెను, తెలియనిచో సిగ్గుపడక అడుగవలెను, పలుకుట అన్నిటికన్న చివర. విని గ్రహించుటకు వేయి మాటలు కావలెను. పలుకుటకు వంద చాలును. కొన్ని మాటలు గ్రహించుటకే గాని పలుకుటకు గావు. 'బ్లడీ' అను మాట ఆతని స్నేహితుల నడుమ ఉప్పువలె చల్లబడును. కొత్తగా వచ్చినవాడు పలికినచో కారమగును. మన యూరికి వచ్చిన పరదేశి రెండవనాడే పటేలును పట్టుకొని 'ఏందిర బై' అనినచో ఎట్లుండును? ఆ పిలుపు తప్పు కాదు. అట్లు పిలుచుటకు వలయు సోపతి ఆతడింకను సంపాదింపలేదు.

ఈ విషయమున ప్రాణములతో ముడిపడిన తావొకటి కలదు, అది వైద్యశాల. 1948లో నెలకొన్న బ్రిటను జాతీయ ఆరోగ్యసేవ తొలి దశాబ్దములనుండియు మన దేశపు వైద్యులపై ఎంతయో ఆధారపడినది. అచట వైద్యము చేయగోరు మన వైద్యులలో అధికసంఖ్యాకులు జనరల్ మెడికల్ కౌన్సిల్ వారి 'ప్లాబ్' పరీక్షలో నెగ్గవలెను. దాని రెండవ భాగము మాంచెస్టరున జరుగును. అందు రోగులవలె నటించువారితో మాటాడి, వారి బాధ నడిగి తెలిసికొనవలెను. రోగి పుస్తకపు భాషలో బాధ చెప్పుకొనడు. ఒంట్లో బాగులేనిచో 'పూర్లీ' అనును. మూత్రమునకు పోవుటను 'పెన్నీ ఖర్చుపెట్టుట' అనును. ఒకప్పుడు పౌరశౌచాలయపు తలుపు తెఱచుటకు ఆ కాసు వేయవలసియుండెను. మూత్రావయవములను 'వాటర్‌వర్క్స్' అనును. విరేచనములను 'రన్స్' అనును. తిమ్మిరిని 'పిన్స్ అండ్ నీడిల్స్' అనును. 'నాకు నిన్న ఫన్నీ టర్న్ వచ్చినది' అనినచో అది నవ్వులాట కాదు. హఠాత్తుగా కన్ను తిరిగి స్పృహ తప్పబోయినదని అర్థము. అది పక్షవాతమునకు ముందు సూచన కావచ్చును, గుండెజబ్బు కావచ్చును. ఆ రెండు చిన్నమాటలు తెలియని వైద్యునికి ఎన్ని పట్టములున్నను ఆ క్షణమున ఆతడు చెవిటివాడే.

ఈ మాట విని మన పాఠకులలో కొందఱు, 'స్వభాషాభిమానమును బోధించు పత్రిక ఇంగ్లీషువాని వీధిమాటలు నేర్వుమనుట యేమి?' అని అడుగవచ్చును. దానికి సమాధానము ఆ ఇంగ్లీషువాని చరిత్రలోనే కలదు. మన దేశమునేలుటకు వచ్చినపుడు ఆతడేమి చేసెను? 1812లో చెన్నపట్టణమున సెయింట్ జార్జికోట కళాశాల నెలకొల్పి కొత్తగా వచ్చిన దొరలకు తెలుగు, తమిళము మున్నగు భాషలు నేర్పించెను. పండితుల భాష యొక్కటే చాలదని అనుభవమున తెలిసికొనెను. రైతు అర్జీలో, కచేరి సాక్ష్యములో, సంత బేరములో వినబడు మాటలకై వేఱుగా శ్రమపడెను. చార్లెసు ఫిలిప్ బ్రౌను కావ్యములను పరిష్కరించి ముద్రించుటతో తృప్తిపడక, తెలుగున కలసిపోయిన అన్యదేశ్యములకును మిశ్రభాషకును ప్రత్యేకముగా నొక నిఘంటువును కూర్చి 1854లో ప్రకటించెను. ఆర్డెను దొర 1873లో వెలువరించిన తెలుగు వ్యాకరణము జనుల వాడుకభాషను నేర్పుటకే యెక్కువగా ఉద్దేశింపబడినది. 1906–07 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారియైన యేట్సు, బడిలో వినబడు తెలుగునకును బయట వినబడు తెలుగునకును ఇంత భేదమేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గార్ల కడకు చేరి, వ్యావహారికభాషోద్యమమునకు ప్రేరణలలో నొకటియయ్యెను.

ఆతడు మనలను ప్రేమించి ఈ శ్రమ పడెనని మేము భ్రమపడుట లేదు. పన్ను వసూలు చేయవలె, తీర్పు చెప్పవలె, సైన్యమును నడుపవలె. జనుల మాట తెలియక ఇవి సాగవని ఆతడు గ్రహించెను. అయినను పాలకుడై కూడ పాలితుని సంతమాటను నేర్చుట తనకు చిన్నతనమని ఆతడు తలపలేదు. పొట్టకూటికి పోవుచున్న మనకు ఆతని వీధిమాట నేర్చుట చిన్నతనమెట్లగును? ఎఱిగి నేర్చినవాడు ఎదుటివానితో సమానముగా నిలుచును. ఎఱుగనివాడు ప్రతిమాటకు తల యూపి, ఊపినదెందులకో తెలియక దాసుడగును. జ్ఞానము వలన దాస్యము రాదు; తన యింటి మాటను దాచికొని పరుని యాసను అతికించుకొనుట వలన వచ్చును.

మఱియు ఆతడు నేర్చుటతో నూరకుండలేదు. మన వీధిమాటలను మూటగట్టుకొని పోయెను. మన తాతలు ఇంగ్లండును 'విలాయతి' అనిరి. ఆ మాటయే సైనికుల నోట నలిగి 'బ్లైటీ' అయినది. 1914–18 మహాయుద్ధమున కందకములలో నున్న ఇంగ్లీషు సిపాయి తన యింటిని తలచుకొని పలికిన పేరిది. 'దేఖో' అన్నది 'డెక్కో' అయినది. 'పక్కా' అన్నది 'పక్కా'గానే నిలిచినది. 'లూట్' అను మాట యెట్టి సందర్భమున ఆతనికి అవసరమైనదో వివరింప నక్కఱలేదు. అచ్చ తెలుగు పందికొక్కు 'బాండికూట్' అయి ఆతని నిఘంటువుల కెక్కినది. 'గోల్కొండ' యనగా ఇంగ్లీషున తరుగని సిరిగల గనియని యర్థము. ఆ వజ్రములు దొరకిన కృష్ణాతీరము మన సీమకు దక్షిణపుటెల్ల. ఇట్టి మాటలన్నిటిని గూర్చి యూల్, బర్నెల్ అను ఇరువురు 1886లో నొక పెద్ద నిఘంటువును ప్రకటించిరి. దాని పేరు 'హాబ్సన్-జాబ్సన్'. మొహర్రమున వినబడు 'యా హసన్, యా హుస్సేన్' అను పిలుపు ఇంగ్లీషు సిపాయి నోట వికృతమై అట్లు మాఱినది. నల్లగొండ, పాలమూరు పల్లెలలో హిందువులు, ముసల్మానులు కలసి జరుపుకొను పీర్ల పండుగలో మన రైతులును ఆ పేళ్లను తమ నోటికి తగినట్లు మలచుకొనియే పాడుదురు. ఒకే పిలుపును మన రైతు మలచినచో మోటుదనమనియు, ఇంగ్లీషు సిపాయి మలచినచో నిఘంటువునకు తగిన పేరనియు తలచుట ఏ న్యాయము?

అసలు విషయమిచట నున్నది. విలాయతిలో బిడ్డ 'నాకర్డ్', 'గటెడ్' అను మాటలు నేర్చిన వార్త విని తండ్రి గర్వించును. ఆ బిడ్డయే బడిలో 'దూప అయితున్నది' అనినపుడు 'దాహము అనుము, పల్లెటూరి మాటలాడకుము' అని గద్దించినది ఆ తండ్రియే, ఆ బడియే. పరుల వీధిమాటకు పెద్దపీట వేసి, తల్లి నోటిమాటను వాకిట నిలుపుట మన చదువు మనకు నేర్పిన వింతపాఠము. తన మాటయే తప్పని నమ్మి పెరిగిన బిడ్డ మఱియొక జాతి మధ్య నోరు తెఱచుటకు జంకును. తప్పు పట్టుదురేమోయను భయమే ఆతని పెదవులను కుట్టివేయును. విలాయతిలో మన పిల్లల మౌనమునకు ఇంగ్లీషు రాకపోవుట కొంత కారణము. ఇంటిమాటకు సిగ్గుపడుట నేర్చియుండుట అంతకన్న పెద్ద కారణమని మా యభిప్రాయము.

ఈ సిగ్గు నేడు పుట్టినది కాదు. నిజాము రాజ్యమున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగినది. దేశభాషలో ఉన్నతవిద్య యనునది గొప్ప ఆదర్శమే. కాని రాజ్యమున అధికసంఖ్యాకుల మాటయైన తెలుగున కందు బోధనాభాషగా తావు దొరకలేదు. 1921 నవంబరున హైదరాబాదు సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు చప్పట్లు చఱచి గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మఱుసటి యేడు నల్లగొండనుండి 'నీలగిరి' పత్రిక వెలువడినది. పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పెను. తెలంగాణమున కవులు లేరను నిందకు బదులుగా 1934లో మూడువందల యేబదినలుగురు కవుల రచనలతో సంచికను వెలువరించెను. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో అచ్చయి, 1955లో సాహిత్య అకాడమీ బహుమానమందినది. అందు నిఘంటుకారులు 'భక్ష్యవిశేషము', 'క్రీడావిశేషము' అని చెప్పి విడిచిన పాతమాటలకు ఆయన జనుల ఆచారములలో, వాడుకలో అర్థము వెదకెను. పండితుని అలమారలో దొరకనిది పల్లె నోట దొరకునని చూపిన పెద్ద లాయన. 1956 పిమ్మట కూడ ఈ సీమ మాట పుస్తకములలో తావు లేక, చలనచిత్రములలో హాస్యగానికిని దుష్టునికిని అప్పగింపబడినది. 2014లో రాష్ట్రము వచ్చినది; సిగ్గు మాత్రము పూర్తిగా పోలేదు.

ఈ సిగ్గు గౌరవమునకు సంబంధించినది మాత్రమే కాదు. వైద్యశాలలో దీని వలన నష్టము కనబడును. దేవరకొండ తండానుండియో, అచ్చంపేట పల్లెనుండియో ముసలమ్మ వైద్యుని కడకు వచ్చి 'పెయ్యి నొస్తున్నది' అనును. ఆమెకు పెయ్యి యనగా ఒళ్లు. వైద్యుడు వేఱు సీమవాడైనచో ఆతనికి పెయ్యి యనగా ఆవుదూడ. 'బొక్క ఇరిగింది' అనినచో ఆమె ఎముక విఱిగినదని చెప్పుచున్నది. ఆతనికి బొక్క యనగా రంధ్రము. గోలీ యనగా మాత్ర, సూది యనగా ఇంజెక్షను, సర్ది యనగా జలుబు. తెలియని వైద్యుడు విసుగుకొనును. విసుగు చూచి ముసలమ్మ సగము చెప్పి సగము మింగును. మింగిన ఆ సగములోనే రోగముండవచ్చును. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన జనులు ఈ నల్లగొండ సీమలో ఎందఱో కలరు. నాగపూరులోని నీరీ సంస్థ 1970 దశకమున పటికతో, సున్నముతో నీటిలోని ఫ్లోరైడును తొలగించు విధానమును రూపొందింపగా, దానికి 'నల్గొండ టెక్నిక్' అను పేరు వచ్చి ఆఫ్రికా దేశములవఱకు వ్యాపించినది. నల్లగొండ పేరు లోకపు శాస్త్రగ్రంథములకు తెలిసినది. 'బొక్కలు గుంజుతున్నయి' అను నల్లగొండ మాట మాత్రము నల్లగొండ వైద్యశాలలో కొందఱకు తెలియదు. ఇంతకన్న విపరీతము వేఱేమి?

మాంచెస్టరు పరీక్షకై 'ఫన్నీ టర్న్' అను మాటను వల్లించు వైద్యుడు మహబూబ్‌నగరు వైద్యశాలలో కూర్చుండుటకు ముందు 'పెయ్యి', 'బొక్క', 'దూప' నేర్వనక్కఱలేదా? అచట రోగి మాట వైద్యుడు నేర్వవలెననుట నియమము. ఇచట వైద్యుని మాట రోగి నేర్వవలెననుట ఆచారము. బ్యాంకులో, తహసీలు కచేరిలో, పోలీసు ఠాణాలో ఇదే ఆచారము సాగుచున్నది. పాలించుటకు వచ్చిన దొరలకు పరీక్ష పెట్టి జనుల మాట నేర్పిన ఏర్పాటు, సేవించుటకు నియుక్తులైన స్వదేశోద్యోగులకు లేకుండుట శోచనీయము.

గ్రాంథికమున వ్రాయుచు పల్లెమాటను కొనియాడుట వింతగా నున్నదని కొందఱు నవ్వవచ్చును. పెండ్లికి కట్టు బట్ట వేఱు, పొలమునకు కట్టు బట్ట వేఱు. రెండును మన సందుగలోనివే. ఏది యెపుడు కట్టవలెనో తెలియుట వివేకము. ఒకదానిని చూచి మఱియొకదానిని చించివేయుట వివేకము కాదు. వాడుకమాట వలన భాష చెడునని భయపడువారికిని ఇదియే మా సమాధానము. ఇంగ్లీషు భాష తన బజారుమాటల వలన చెడలేదు. వానినుండి బలము తీసికొనినది.

కావున చేయదగిన పనులు కొన్ని సూచింతుము. మొదటిది: విదేశములకు పోవు విద్యార్థులకై మన కళాశాలలలో ఇంగ్లీషు వ్యాకరణముతోపాటు ఇంగ్లీషు వినుకలిని నేర్పవలెను. అచట నున్న మన బిడ్డలు తాము విన్న మాటలను, ఏ యూరిలో ఎవరు ఎపుడు పలికిరో సహితముగా వ్రాసి పంపినచో వెనుక పోవువారికి వర్తకుల పట్టికలకన్న మేలైన సాధనమగును. రెండవది: నల్లగొండలోని మహాత్మాగాంధి విశ్వవిద్యాలయము, మహబూబ్‌నగరులోని పాలమూరు విశ్వవిద్యాలయము ఈ సీమ మాటలను సేకరించు పనిని తమ విద్యార్థులకు అప్పగింపవలెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశమును ప్రారంభించి దారి చూపినది. నలిమెల భాస్కరు గారు తెలంగాణ పదకోశమును కూర్చి ఒంటిచేత ఎంత సాధ్యమో నిరూపించిరి. మోట బావులు పోయినవి, వానితో మోటమాటలు పోవుచున్నవి. గరిసెలు పోయి వానిని తెలిసిన అవ్వలును పోవుచున్నారు. ఆలసించుటకు వ్యవధి లేదు.

మూడవది: మహబూబ్‌నగరున 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వానిలో చేరు ప్రతి విద్యార్థికి, ఆతడు ఏ సీమవాడైనను, ఈ ప్రాంతపు రోగులు బాధను చెప్పుకొను మాటలను మొదటి యేడే నేర్పవలెను. రెండువందల మాటల చిన్న పుస్తకము చాలును. దాని ఖర్చు ఒక పడకపు ధరకు మించదు. నాలుగవది ఇంటి పెద్దల చేతిలో నున్నది. 2018లో తెలంగాణ ప్రభుత్వము బడులలో తెలుగు బోధనను తప్పనిసరి చేయు చట్టమును చేసినది. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా జరుపుచున్నారు. చట్టము పుస్తకమును తేగలదు, సభ పూలదండను తేగలదు. బిడ్డ 'దూప' అనినపుడు గద్దింపక నీళ్లిచ్చుట తల్లిదండ్రులు చేయవలసిన పని.

విలాయతికి పోవు బిడ్డలకు మేము చెప్పునది స్వల్పము. ఆ దేశపు వాడుకమాటలను శ్రద్ధగా వినుడు. వాని వెనుకనున్న మర్యాదను గ్రహింపుడు. తెలియనిదానిని తెలియదని నిర్భయముగా చెప్పుడు. మీ మాటకు మీరు సిగ్గుపడకుడు. ఎవరైన అడిగినచో 'బిరాన' యననేమో, 'పైలము' అననేమో, 'యాది' యననేమో చెప్పి నేర్పుడు. మీనుండి పందికొక్కును తీసికొనిన భాష 'పైలము'ను తీసికొనజాలదా? ఇట నిలిచిన పెద్దలకును, ఉద్యోగులకును మేము చెప్పునది అంతకన్న స్వల్పము. పరదేశమున మన బిడ్డ మాటను ఓపికతో వినవలెనని మీరు కోరుచున్నారు. ఆ ఓపికను మన వైద్యశాల వరుసలో నిలిచిన ముసలమ్మయెడల ముందు చూపుడు.